శాకాహారుల ఇంట్లో పిల్లి

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అయినా పెరట్లో రోజూ మా పిల్లి పండుగాడి కోసం చికెన్ ఉడుకుతుంది. "పాలన్నం పెడితే సరిపోదా?" అని రాజమండ్రిలో మా చుట్టాలంతా అడుగుతూనే ఉంటారు. సరిపోదు. మాలాంటి ఇళ్లలో పిల్లిని పెంచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కుక్క అన్నం, పప్పు కూడా కొంతవరకు అరాయించుకుంటుంది. పిల్లి ఒంటి తీరే వేరు. దానికి టారిన్ అనే పోషకం తిండిలోంచే అందాలి. అది మాంసం, చేపల్లో దొరుకుతుంది, బియ్యంలోనూ పప్పులోనూ దొరకదు. టారిన్ లేకపోతే కంట్లో రెటీనా పాడై చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండె జబ్బుకు కారణం టారిన్ లోపమేనని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. కంపెనీలు పిల్లుల ఫుడ్‌లో టారిన్ పెంచింది ఆ తర్వాతే. విటమిన్ ఎ సంగతీ అంతే. క్యారెట్ తిని విటమిన్ ఎ తయారుచేసుకోవడం మనకు వచ్చు, పిల్లికి రాదు.

మా అత్తయ్యగారు మొదట్లో ఒప్పుకోలేదు. "మనింటి పిల్లి కదమ్మా, మనం తినేదే తినాలి" అన్నారు. ఆవిడ బాధ అర్థం చేసుకోదగిందే. అందుకే పెరట్లో విడిగా చిన్న స్టవ్, గిన్నె, గరిటె పెట్టాం. అవి వంటింటి గడప తొక్కవు.

చికెన్‌లో తొడ ముక్కలే తెప్పిస్తాం, రొమ్ము మాంసం కంటే అందులో టారిన్ ఎక్కువ. ఉప్పూ కారం ఏమీ వేయకుండా ఉడికించి, ఎముకలు తీసేస్తాను. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. ఉడికేటప్పుడు కొంత టారిన్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయను, చల్లార్చి ముక్కల మీదే పోస్తాను. పండుగాడు ముక్కలు వదిలేసి ముందు ఆ నీళ్లే నాకుతాడు, మీసాలన్నీ తడిసిపోయేదాకా. అది చూస్తే నాకెంత నిశ్చింతో! పిల్లులకు దాహం తక్కువ. ఒంట్లో నీళ్లు చాలక మగపిల్లికి మూత్రం ఆగిపోతే ప్రాణం మీదకొస్తుంది.

అయితే వాడి అసలు భోజనం చికెన్ కాదు. ఉత్త మాంసంలో కాల్షియం చాలా తక్కువ, కూనలకు అదొక్కటే పెడితే ఎముకలు గుల్లబారతాయి. అందుకని 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' (అంటే కావలసిన పోషకాలన్నీ సరిపాళ్లలో ఉన్నవి) అని రాసి ఉన్న పిల్లుల ఫుడ్డే కడుపు నింపాలి. చికెన్ పైపై రుచికే, రోజు తిండిలో పదో వంతు మించనివ్వను.

పాలు మానేశాం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు, విరేచనాలవుతాయి. సాంబారన్నం అసలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇన్నాళ్లూ పాలన్నం తిన్న పిల్లికి ఒక్కసారిగా గిన్నె మార్చేయకండి. వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలపండి. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని మాత్రం మొండికేయొద్దు. రెండు మూడు రోజులు పస్తుంటే చాలు, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.