వింటున్న ముఖం

జర్మన్ నటుడు ఉల్రిచ్ మ్యూహె ముఖాన్ని మరిచిపోలేకపోతున్నాను. ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’ చిత్రంలో తూర్పు జర్మనీ రహస్య పోలీసు అధికారిగా, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇతరుల బతుకు వింటూ ఉంటారు. కనురెప్ప కూడా కదలదు. అయినా ఆ మనిషి లోలోపల కరిగిపోవడం మనకు తెలుస్తూనే ఉంటుంది! ఆ నిగ్రహం రంగస్థలం ఇచ్చిందేనని నా నమ్మకం. బెర్లిన్ డాయిచెస్ థియేటర్‌లో హామ్లెట్‌గా నిలబడిన నటుడాయన.

యౌవనంలో సైనికుడిగా బెర్లిన్ గోడకు కాపలా కాశారు. అదే మనిషి 1989 నవంబరు 4న తూర్పు బెర్లిన్‌లోని అలెగ్జాండర్‌ప్లాట్జ్ కూడలిలో జనసంద్రం ముందు మార్పు కోసం మాట్లాడారు. ఐదు రోజులకే గోడ తెరుచుకుంది.

తర్వాత టీవీ ధారావాహికలో శవపరీక్షల వైద్యుడిగా ఏళ్ల తరబడి నటించారు. 2007 ఫిబ్రవరిలో ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’కు ఆస్కార్ వచ్చింది. జులైలో కడుపు క్యాన్సర్ ఆయనను తీసుకుపోయింది. అప్పటికి 54 ఏళ్లే.