నిమ్మతొక్క నూనె, బెజవాడ ఎండ

డాబా మీద కూర్చుని పచ్చడికి నిమ్మకాయలు కోసి, పిండి, ఊరిన ముక్కల్ని ఎండలో తిప్పిన చేతుల మీద ఒకటి రెండు రోజులకు ఎర్రటి చారలు తేలుతుంటాయి. తర్వాత అవే గోధుమరంగు మచ్చలవుతాయి. వేడినూనె చిందిందని కొందరు, పురుగు పాకిందని ఇంకొందరు అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం తొక్కలో ఉండే ఫ్యూరానోకౌమరిన్లు అనే రసాయనాలు. బెర్గాప్టెన్, సోరలెన్ వంటివి ఈ కోవలోవే. రసంలో తక్కువ, తొక్క నూనెలో చాలా ఎక్కువ. అత్తి ఆకుల పాలల్లోనూ ఉంటాయి.

నీడలో ఉన్నంతసేపూ వీటితో చర్మానికి పేచీ లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీఏ (తరంగదైర్ఘ్యం 320 నుంచి 400 నానోమీటర్లు) తగిలితేనే కథ మారుతుంది. చర్మకణాల్లో డీఎన్ఏ పోగుల మధ్య దూరి కూర్చున్న సోరలెన్, వెలుగు పడగానే రెండు పోగుల్నీ కలిపి బిగించేస్తుంది. కణం చచ్చిపోతుంది. ఇది ఎలర్జీ కాదు కాబట్టి మొదటిసారి తగిలినా, ఎవరికైనా రావచ్చు. వేడితోనూ పనిలేదు. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలోనే కాదు, శ్రావణంలో మబ్బు పట్టిన రోజునా యూవీఏ ఉంటుంది. కారు పక్క అద్దం కూడా దాన్ని పూర్తిగా ఆపదు. చెమట పట్టిన చర్మం ఈ నూనెను ఇంకా బాగా పీల్చుకుంటుంది. మన ఊళ్లో చెమటకు కొదవేముంది!

మంట సాధారణంగా 24 గంటల తర్వాత మొదలై, 48 నుంచి 72 గంటల్లో ముదురుతుంది. అప్పటికి నిమ్మకాయ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆకారం చూసి పోల్చుకోవాలి: కారిన ధారలా, చుక్కల్లా, పట్టుకున్న వేళ్ల ముద్రలా ఉంటుంది. దురద కన్నా మంటే ఎక్కువ. వయ్యారిభామ అనే కలుపుమొక్క వల్ల వచ్చేది వేరు. అది ఎలర్జీ, విపరీతమైన దురద. కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో ఎక్కువ.

కోయడం, పిండడం నీడలో కానివ్వండి. ఎండలోకి వెళ్లేముందు మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. అది నూనె, ఉత్తి నీళ్లకు పోదు. గాజుల కింద, గోళ్ల సందుల్లో మరీ జాగ్రత్త. నూనె అంటిన అరగంట నుంచి రెండు గంటల దాకా చర్మం వెలుగుకు బాగా లొంగిపోయి ఉంటుంది, కాబట్టి "తర్వాత కడుక్కుందాంలే" అంటే కుదరదు. ఎండలో బండి పెట్టుకుని పొద్దస్తమానం నిమ్మసోడా కలిపేవాళ్లకు పైన ఒక గొడుగు, పక్కన ఒక సబ్బు ఉండాలి.

బొబ్బలొస్తే చిదమొద్దు. చల్లటి తడిగుడ్డ వేసి, ఎండ తగలకుండా కప్పి ఉంచండి. కంటి దగ్గరైనా, పెద్ద బొబ్బలైనా డాక్టరుకు చూపించాలి. మిగిలే మచ్చ వారాల్లోనో నెలల్లోనో దానంతటదే తగ్గుతుంది. తెల్లబరిచే క్రీములు రాసి దాన్ని రేపకండి. అన్నట్టు, నలుపు పోవడానికని మెడకూ మోచేతులకూ నిమ్మతొక్క రుద్దుకుని స్కూటీ ఎక్కడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కోరినదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది.

ఇదే గుణాన్ని వైద్యం వాడుకుంటుంది. బొల్లికి బావంచాలు వాడటం మన దగ్గర పాత పద్ధతి, ఆ గింజల్లో ఉన్నదీ సోరలెనే. ఆస్పత్రిలో ఇచ్చే మెథాక్సలెన్ అనే మందు దాని చుట్టమే. కానీ అక్కడ మందు కొలిచి ఇస్తారు, యూవీఏను యంత్రంతో కొలిచి పెడతారు, మాత్ర మింగినవాళ్లు ఆ రోజంతా యూవీ ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇంట్లో బావంచాల నూనె పూసుకుని గుంటూరు ఎండలో నిలబడితే ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. గింజ గింజకూ సోరలెన్ మోతాదు మారుతుంది, గంట గంటకూ ఎండ మారుతుంది. బొబ్బలు లేచి పుండు పడితే, కొందరిలో ఆ గాయం చోటే కొత్త బొల్లి మచ్చ మొదలవుతుంది.