ట్రెంటోతో కలిసి ఉండలేమన్న ఊళ్లు

ఇటలీకి ఉత్తరాన, ఆస్ట్రియా సరిహద్దుకు ఆనుకుని ఆల్ప్స్ కొండల్లో బోల్జానో అనే ప్రావిన్స్ ఉంది, దాన్నే సౌత్ టిరోల్ అంటారు. నేను అక్కడి ఫొటోలు చూసి చదవడం మొదలుపెట్టాను, యాపిల్ తోటలు, మంచుకొండలు, అవీ ఇవీ. నాలుగు పేజీలు దాటేసరికి మన తెలంగాణ గొడవనే వేరే పేర్లతో చదువుతున్నట్టు అనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ ప్రాంతం ఆస్ట్రియా చేతుల్లోంచి ఇటలీకి పోయింది. జనంలో ఎక్కువమంది మాట్లాడేది జర్మన్. ముస్సోలినీ వచ్చాక జర్మన్ బడులు మూసేసి, ఊళ్లకు ఇటాలియన్ పేర్లు పెట్టి, బోల్జానో పట్నంలో ఫ్యాక్టరీలు కట్టి వేరే ప్రాంతాల నుంచి ఇటాలియన్ కార్మికుల్ని తెచ్చి దింపారు. అందుకే ఇప్పటికీ పట్నంలో ఇటాలియన్ వాళ్లు ఎక్కువ, చుట్టూ కొండల్లో ఊళ్లన్నీ దాదాపు జర్మన్ వాళ్లవి. పట్నం ఎవరిది అనే ప్రశ్న మనకు కొత్తా చెప్పండి?

రెండో యుద్ధం తర్వాత, 1946లో, స్వయంపాలన ఇస్తామని ఒప్పందం రాసుకున్నారు. 1948లో ఇచ్చారు కూడా, కాకపోతే దక్షిణాన ఉన్న ట్రెంటోతో కలిపి ఒకే రీజియన్‌గా ఇచ్చారు. కలిపితే ఇటాలియన్లదే మెజారిటీ, ఇక ఇచ్చి ఏం లాభం! 1957లో సిగ్మండ్స్‌క్రోన్ కోట దగ్గర వేలమంది చేరి, సిల్వియస్ మాగ్నాగో అనే నాయకుడి వెనక 'ట్రెంటో నుంచి విడగొట్టండి' అన్నారు. మన దగ్గర పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని రెండు ప్రాంతాల్ని కలిపింది అంతకు ఏడాది ముందే. 1961లో అక్కడ ఒక్క రాత్రిలో పదులకొద్దీ కరెంటు టవర్లు పేల్చేశారు. చివరికి 1969లో, ఇక్కడ మన ఉద్యమం మండుతున్న ఏడాదే, రోమ్ ఇస్తానన్న ప్యాకేజీకి అక్కడి జర్మన్ పార్టీ స్వల్ప మెజారిటీతో ఒప్పుకుంది. 1972లో కొత్త చట్టం వచ్చింది. రీజియన్ పేరుకి మిగిలింది, అధికారాల్లో చాలావరకు ప్రావిన్స్‌కి వచ్చేశాయి, పన్నుల్లో 90 శాతం దాకా అక్కడే ఉంటాయి. నన్నడిగితే అసలు గొడవ చల్లారింది ఈ డబ్బు వల్లే, మిగతావన్నీ తర్వాతే.

ఉద్యోగాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మనకి లోకల్, నాన్‌లోకల్ తేల్చడానికి ఒకటో తరగతి నుంచి బోనఫైడ్లు పట్టుకుని తిరగాలి కదా, అక్కడ ఎక్కడ చదివావని అడగరు, ఏ భాష గుంపు వాడివో రాసిమ్మంటారు. 2024 లెక్క ప్రకారం జర్మన్ దాదాపు 69 శాతం, ఇటాలియన్ 27, లదీన్ (అక్కడి కొండల్లో కొద్దిమంది మాట్లాడే మూడో భాష) నాలుగున్నరకి కాస్త తక్కువ. ప్రభుత్వ పోస్టులు ఆ నిష్పత్తిలోనే పంచుతారు. పైగా రెండు భాషల పరీక్ష పాసవ్వాలి. మన ఆఫీసుల్లో ఉర్దూ అర్జీ ఇస్తే ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి ఆ పరీక్ష విలువ తెలుస్తుంది.

ఇక ఊళ్లు. మొత్తం జనాభా 5 లక్షల పైచిలుకు, మున్సిపాలిటీలు మాత్రం 116. వైడ్‌బ్రుక్ అనే ఊళ్లో ఉండేది 200 మంది చిల్లర, దానికీ సొంత మేయరూ కౌన్సిలూ ఉన్నాయి. మనం 2007లో కూకట్‌పల్లి, ఉప్పల్, అల్వాల్ లాంటి 12 మున్సిపాలిటీల్ని ఒక్క దెబ్బతో జీహెచ్ఎంసీలో కలిపేశాం, ఇప్పుడు డ్రైనేజీ పొంగితే ఎవర్ని పట్టుకోవాలో మా గల్లీలో ఎవరికీ తెలీదు. లదీన్ వాళ్ల ఊళ్లు ఎనిమిదే, అయినా అక్కడి బోర్డుల మీద మూడు భాషలుంటాయి, బడుల్లోనూ మూడూ నేర్పుతారు. మిగతాచోట్ల జర్మన్ పిల్లల బడి వేరు, ఇటాలియన్ పిల్లల బడి వేరు.

నాకు నచ్చనిదల్లా ఈ విడగొట్టడమే. అమ్మ జర్మన్, నాన్న ఇటాలియన్ అయితే పిల్లలు ఏమని రాయాలి? అలెక్సాండర్ లాంగర్ అని అక్కడి గ్రీన్ నాయకుడు, ఏ గుంపులోనూ చేరనంటూ ఆ భాష డిక్లరేషన్ రాసివ్వడానికి ఒప్పుకోలేదు. దాంతో 1995లో బోల్జానో మేయర్ ఎన్నికలో ఆయన్ని పోటీయే చెయ్యనివ్వలేదు. ఇప్పటికీ ఏదో ఒక గుంపు పేరు రాస్తే తప్ప కోటా ఉద్యోగానికి దారి లేదు.