అటక మీది తాటాకు కట్టని విప్పే ముందు

చెన్నై కోట్టూరుపురంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాలయం చూసినప్పటి నుంచి ఇది రాయాలనిపిస్తోంది. ఈస్టిండియా కంపెనీ అధికారులు కల్నల్ మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు అక్కడున్నాయి. మన ఇళ్ల అటకల మీద కూడా ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి.

అంటుకున్న ఆకుల్ని బలవంతంగా విడదీయకండి, పై పొర అక్షరంతో సహా ఊడొస్తుంది. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. ఎండి పెళుసైన ఆకుకి నిమ్మగడ్డి నూనె పలుచగా రాస్తే కాస్త వంగుతుంది, పురుగు కూడా దూరంగా ఉంటుంది. గంటంతో (మొనదేలిన ఇనుప కలం) గీసిన అక్షరం వెలిసిపోతే, నూనెలో కలిపిన దీపపు మసి పూసి పొడి నూలుగుడ్డతో తుడవాలి. మసి గీతల్లోనే నిలుస్తుంది. సిరాతో రాసిన ఆకైతే మాత్రం ఈ పని అసలు చేయొద్దు, రాతే చెరిగిపోతుంది. ఆకుల్ని గుచ్చిన దారం బిగిస్తే రంధ్రాలు చిరుగుతాయి. ప్లాస్టిక్ సంచి ఇంకా ప్రమాదం, చెన్నై తేమకి బూజు ఖాయం. చెక్క పలకల మధ్య పెట్టి నూలుగుడ్డ చుట్టండి.

చదవడం వేరే కష్టం. పదాల మధ్య ఖాళీ ఉండదు, చాలా ప్రతుల్లో ఎ, ఏలకు తేడా చూపరు. పద్యమైతే గణాలు లెక్కపెడితే గురువో లఘువో తేలుతుంది. వచనంలో ఆ ఆసరా లేదు, అర్థాన్ని బట్టే పోవాలి.