మిలాన్‌లో పాలరాతి బెజ్జం

మిలాన్ వెళ్లినవాళ్లు ముందు డ్యువోమో చర్చికి పరిగెడతారు. నేను కదోర్నా స్టేషన్‌లో దిగి, స్ఫోర్జా కోట పక్కన పియాజ్జా కస్తెల్లో 27వ నంబరు వెతుక్కుంటూ పోయాను. డిజైనర్ అకిల్లే కస్తిల్యోని పనిచేసిన స్టూడియో అది. ముందుగా చెప్పి వెళ్తే గదులన్నీ తిప్పి చూపించారు.

అరల నిండా కళ్లజోళ్లు, బొమ్మలు, పనిముట్లు, బజారులో దొరికే చిల్లర సామానే. ట్రాక్టర్ సీటుతో స్టూలు చేసిన మనిషి చోటు ఇంకెలా ఉంటుంది మరి!

నాకు కావలసింది ఆర్కో దీపం. 1962లో అకిల్లే, ఆయన అన్న పియెర్ జాకొమో కలిసి ఫ్లోస్ కంపెనీకి చేశారు. భోజనాల బల్ల మీద పైనుంచి వెలుతురు పడాలి, సీలింగ్‌కి మాత్రం కన్నం పెట్టకూడదు. వీధిదీపాన్ని చూసి ఉపాయం పట్టారు. స్టీలు కమ్మీ విల్లులా వంగి దాదాపు రెండు మీటర్లు ముందుకొస్తుంది. కుర్చీల వెనక నుంచి ట్రే పట్టుకుని హాయిగా నడవొచ్చు. అది ముందుకు తూలిపోకుండా అడుగున సుమారు 65 కిలోల కరారా పాలరాతి దిమ్మ.

ఆ దిమ్మ దగ్గర వంగి చూశాను. ఇటునుంచి అటు గుండ్రటి బెజ్జం. సోకు కోసం పెట్టిందేమీ కాదు. అందులో చీపురుకర్ర దూర్చి, ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే దీపం లేస్తుంది! తగిలినా దెబ్బ పడకుండా మూలలు కూడా చెక్కేశారు. నన్నడిగితే పైనున్న మెరుపు కమ్మీ కన్నా ఈ బెజ్జంలోనే అసలు తెలివి ఉంది.

అదే ఏడాది ఆ అన్నదమ్ములు చేసిన తోయో దీపం ఇంకా కొంటెది: కొసన కారు హెడ్‌లైటు, కర్ర పొడవునా వైరును పట్టి ఉంచడానికి గేలం రింగులు. దాచుకోవాల్సిన ట్రాన్స్‌ఫార్మర్‌ని బాహాటంగా అడుగున పెట్టి, బరువుకీ దాన్నే వాడుకున్నారు.

తర్వాత వియా కన్సర్వతోరియోలో ఇంకో డిజైనర్ వీకో మజిస్త్రెత్తి స్టూడియోకి కూడా వెళ్లాను. ఆయన చేసిన ఎక్లిస్సె దీపానికి 1967లో కొంపాస్సో దోరో అనే ఇటలీ డిజైన్ అవార్డు వచ్చింది. లోపలి చిప్పను తిప్పితే బల్బుకి గ్రహణం పడుతుంది, పక్కవాళ్ల నిద్ర చెడదు. పాత ఫిలమెంట్ బల్బులతో ఆ చిప్ప వేడెక్కి వేలు కాలేది. ఎల్‌ఈడీ వేసుకుంటే ఆ బాధ లేదు కాబట్టి, ఒక్కటే కొనమంటే నేను దీన్నే కొంటాను. ఆర్కో పెట్టాలంటే ముందు అంత పెద్ద హాలుండాలి కదా.