ఒక గడ్డం పోయి ఇంకొక గడ్డం బయటపడింది

పదకొండేళ్ళు పెంచుకున్న గడ్డాన్ని నేను ఇష్టపడి తీయలేదు. రాయి కోసే యంత్రాలున్న విభాగానికి పర్యవేక్షకుడిగా మారినప్పుడు, అక్కడి సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరకుండా ఎన్‌95 మాస్కు పెట్టుకోవాలనీ, ఆ మాస్కు నా ముఖానికి సరిగ్గా అతుకుతోందో లేదో ముందుగా పరీక్షించాలనీ చెప్పారు. పరీక్ష చేసే పెద్దమనిషి నన్ను కూర్చోమని కూడా అనకుండా, "గడ్డం ఉన్నవారికి ఈ పరీక్ష చేయమండీ, తీసేసి రండి" అన్నారు. నేను గడ్డాన్ని అరచేత్తో అణిచి, దాని మీద మాస్కు బిగించి, ఎంత చక్కగా కూర్చుందో చూడమన్నాను. ఆయన చూడలేదు. పదిహేను రోజుల గడువు మాత్రం ఇచ్చారు.

కారణం తెలిశాక నాకు కోపం తగ్గింది. మాస్కులోని వడపోత పొర ఎంత మంచిదైనా, దాని అంచు చర్మానికి అతుక్కున్నంత మేరకే పని చేస్తుంది. గడ్డపు వెంట్రుక మందం రమారమి 0.1 మిల్లీమీటరు ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగల రాతి ధూళి కణం అంతకన్నా పాతిక రెట్లు సన్నగా ఉంటుంది. అంటే మాస్కు అంచు కింద ఒక వరుస వెంట్రుకలు ఉంటే, ఆ ధూళికి తలుపులు బార్లా తెరిచినట్టే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ గాలి వడపోత గుండా కష్టపడి రావడానికి బదులు, ఆ సందుల్లోంచి సులువుగా దూరి వస్తుంది. గడ్డం దట్టంగా ఉంటే అదే ఇంకొక జల్లెడలా పని చేస్తుందని అంతవరకూ నేను గట్టిగా నమ్మాను. అది జల్లెడే కానీ, ఇసుక పట్టే జల్లెడతో పిండి జల్లించినట్టు ఉంటుందని ఆలస్యంగా అర్థమైంది.

గడ్డం తీయడం పది నిమిషాల పని అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. ఆ రాత్రే, ఆలోచిస్తూ కూర్చుంటే ధైర్యం సడలుతుందన్న భయంతో, పిడికెడు పొడవున్న గడ్డానికి నేరుగా నురగ పట్టించి, మూడు బ్లేడ్ల రేజరును ఎడమ చెవి కింద ఆనించి కిందికి లాగాను. రెండు గీతలకే బ్లేడ్ల మధ్య సందులు పూర్తిగా మూసుకుపోయాయి. మూడో గీత వెంట్రుకలను కోయలేదు, పీకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి; రేజరును కుళాయి కింద ఎంతసేపు పట్టినా లోపల ఇరుక్కున్న వెంట్రుకలు బయటికి రాలేదు. అద్దంలో చూసుకుంటే ఎడమ చెంప మీద బొటనవేలంత మేర నున్నగా, చుట్టూ అడవి యథాతథంగా ఉంది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు కనుక ఆ విధంగా అది మేలే చేసింది. మరుసటి రోజు సెలవు కావడం నా అదృష్టం. లేకపోతే ఆ మచ్చతోనే నలుగురి ముందు తిరగవలసి వచ్చేది.

ఉదయం లేచి, ఈసారి అంచెలంచెలుగా మొదలుపెట్టాను. మొదటి పని కత్తెరది. వెంట్రుకలు తడిస్తే సాగి, పొడవు విషయంలో కంటిని మోసం చేస్తాయి కనుక పొడిగా ఉన్నప్పుడే కత్తిరించాలి. దువ్వెనతో ఒక్కొక్క పాయను పైకెత్తి, దువ్వెన పళ్ళకు ఇవతల ఉన్నదాన్ని కత్తిరిస్తూ పోయాను. సింకులో పాత వార్తాపత్రిక పరిచినందువల్ల గొట్టం పూడుకుపోలేదు. ఈ ఒక్క జాగ్రత్త ఎవరూ చెప్పకుండానే నాకు తట్టింది. కాగితం మీద పడిన కుప్పను చూసి నిజంగానే ఆశ్చర్యపోయాను. గడ్డం నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన పదకొండేళ్ళకు మీటరు దాటాలి. కానీ ప్రతి వెంట్రుకకూ కొంతకాలం పెరిగి, ఆగి, రాలిపోయే స్వభావం ఉంది. పైగా నేను అప్పుడప్పుడూ కొసలు కత్తిరిస్తూనే ఉన్నాను. కాబట్టి ఆ కుప్పలో పదకొండేళ్ళ వయసున్న వెంట్రుక ఒక్కటీ ఉండదు. దాన్ని చుట్టి పారేసేటప్పుడు ఈ లెక్క నాకు కొంత ఓదార్పునిచ్చింది.

కత్తెర తరువాత ట్రిమ్మర్ పట్టాను. ముందు పెద్ద తొడుగుతో, తరువాత చిన్న తొడుగుతో, చివరికి ఏ తొడుగూ లేకుండా. ఒకేసారి తొడుగు లేకుండా మొదలుపెడితే ట్రిమ్మర్ కూడా రేజరులాగే వెంట్రుకలను పట్టి లాగుతుంది. మధ్యలో దాని తల వేడెక్కి చర్మానికి చురుక్కుమనడంతో రెండుసార్లు ఆపవలసి వచ్చింది.

ఇక్కడ నేను కొంతసేపు ఆగాను. ఈ విరామం లేకపోతే ముందున్న పని ఇంకా పాడయ్యేది. పొట్టిగా మిగిలిన గరుకు మీద చూపుడువేలును అన్ని వైపులకూ నడిపించి చూశాను. ఏ వైపు వేలు జారితే అది వెంట్రుక వాలు, ఏ వైపు గుచ్చుకుంటే అది ఎదురు. చెంపల మీద వాలు కిందికి ఉంది. దవడ కింద ఎడమ వైపున పైకి ఉంది. గొంతుముడికి కుడి పక్కన మాత్రం చిన్న సుడిలా తిరిగి, చెవి వైపు పోతోంది. నా మెడ మీద సుడి ఉందని నాకు నలభై రెండేళ్ళ వయసులో తెలిసింది. గడ్డం పెంచకముందు రోజూ పొద్దున్నే పై నుంచి కిందికి గుడ్డిగా గీసుకుంటూ, మెడ ఎందుకు మండుతోందని సబ్బును తిట్టుకునేవాణ్ణి.

తరువాత గోరువెచ్చని నీళ్ళతో ముఖం కడిగి, తడి తువ్వాలును మూడు నాలుగు నిమిషాలు కప్పి ఉంచాను. వెంట్రుక నీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. ఎండు వెంట్రుక కన్నా నానిన వెంట్రుకను కోయడానికి చాలా తక్కువ బలం సరిపోతుంది. తువ్వాలు తీసి రుద్దుకుంటే గడ్డం కింద ఇన్నాళ్ళూ దాగి ఉన్న పొట్టు తెల్లగా రాలింది. తలలో చుండ్రు పట్టినట్టే గడ్డం కింద కూడా పడుతుంది. దురదకు అలవాటుపడి గోక్కుంటూ, దాన్ని ఆలోచనాపరుడి హావభావంగా నలుగురూ భావించేలా చేసిన ఘనత నాది.

బ్రష్‌తో నురగను గుండ్రంగా తిప్పుతూ పట్టించి, కొత్త బ్లేడుతో చెంపల దగ్గర మొదలుపెట్టాను. పై పెదవి, గడ్డపు ఎముక మీద వెంట్రుకలు అన్నిటికన్నా మందంగా ఉంటాయి కనుక అవి ఎక్కువసేపు నానేలా వాటిని చివరికి వదిలాను. చేతి బరువు వేయకుండా, రేజరు తన బరువుతోనే జారేటట్టు, రెండు వేళ్ళ వెడల్పుకు మించని చిన్న చిన్న గీతలతో, వాలు వెంటే గీశాను. ప్రతి రెండు గీతలకూ రేజరును నీళ్ళలో ఆడించాను. మెడ దగ్గర తల వెనక్కి వాల్చి, రెండో చేత్తో చర్మాన్ని కొద్దిగా లాగి పట్టుకుని, సుడి ఉన్న చోట గీత దిశను మూడుసార్లు మార్చాను. రక్తం వచ్చింది ఒకే ఒక్క చోట, అదీ కింది పెదవికి దిగువన ఉండే గుంటలో. తడి పటిక అద్దితే చురుక్కుమని ఆగిపోయింది.

మీసం సంగతి వేరు. మాస్కు అంచుకు అడ్డం రానంత వరకూ మీసాన్ని ఉంచుకోవచ్చని నిబంధనే చెబుతోంది కనుక, దాన్ని కొసలు కత్తిరించి ఉంచాను. రెండు రోజులు గడిచాయి. గడ్డంతో కలిసి ఉన్నప్పుడు అందంగా ఉన్న ఆ మీసం, ఒంటరిగా నిలబడేసరికి ఎవరిదో తెచ్చి నా ముఖానికి అంటించినట్టు కనిపించింది. మూడో రోజు దాన్నీ తీసేశాను. ఎవరూ అడగకుండా తీసినది అదొక్కటే. పెదవిని పళ్ళ మీదికి లాగి బిగించి, ముక్కు కొనను వేలితో కాస్త పైకెత్తి, లోపలి నుంచి నాలుకతో ఆనిస్తూ గీస్తే తప్ప ముక్కు కింది మూలలు లొంగలేదు. ఆ తరువాత గ్లాసెత్తి మంచినీళ్ళు తాగుతుంటే గ్లాసు అంచు చల్లగా నేరుగా పెదవికి తగిలి ఉలిక్కిపడ్డాను. వదిలిన ఊపిరి పై పెదవి మీదుగా వెచ్చగా పారుతుందన్న సంగతే నేను మరిచిపోయాను.

తెలుగులో గడ్డం అన్న మాట వెంట్రుకలకూ, వాటి కింద ఉన్న ఎముకకూ కూడా చెల్లుతుంది. నా విషయంలో ఒక గడ్డం పోయి ఇంకొక గడ్డం బయటపడింది. అది నేను గుర్తుపెట్టుకున్న దానికన్నా చాలా చిన్నది. దవడ గీత ఉండవలసిన చోట మెత్తని చర్మం కొద్దిగా జారి ఉంది. అది ఒక్కరోజులో జారలేదు. పదకొండేళ్ళుగా జారుతూ వచ్చిన దాన్ని నేను ఒక్కరోజులో చూశాను. ముఖం రెండు రంగుల్లో ఉంది. నుదురు, ముక్కు, చెంపల పైభాగం ఎండకు నల్లబడి, కింది భాగం గీత గీసి విడదీసినట్టు పాలిపోయి ఉంది. గడ్డం ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొంత అడ్డుకుంటుంది కనుక, అంతకాలం నీడలో ఉన్న చర్మం త్వరగా కమిలిపోతుందన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆరుబయట రెండు గంటలు నిలబడ్డాక ఆ తెల్లని భాగం ఎర్రబడి మండింది. అప్పటి నుంచి ఎండలోకి వెళ్ళే ముందు సన్‌స్క్రీన్ రాసుకుంటున్నాను.

మా ఆవిడ నన్ను చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఏమండీ, దాన్ని మళ్ళీ పెట్టేసుకోవడానికి వీలవుతుందేమో చూడండి" అంది. గడ్డం లేని నన్ను పుట్టినప్పటి నుంచీ చూడని మా ఎనిమిదేళ్ళ అమ్మాయి, కళ్ళు గట్టిగా మూసుకుని, "నాన్నా, ఇప్పుడు మాట్లాడు" అని, నా గొంతు విన్న తరువాతే దగ్గరికి వచ్చింది. ఫోను అంత మర్యాద కూడా చూపలేదు. నా ముఖాన్ని ఒప్పుకోక సంకేత సంఖ్య అడిగింది. అది కొట్టాకే కొత్త ముఖాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టింది.

అంతా సవ్యంగా సాగిందని చెప్పగలిగితే బాగుండేది. మీసం తీసిన రోజునే, మెడ ఇంకా నున్నగా ఉండాలన్న దురాశతో, వాలుకు ఎదురుగా ఆ మూడు బ్లేడ్ల రేజరుతోనే మళ్ళీ గీశాను. ఆ పూట మెడ అద్దంలా ఉంది. రెండు మూడు రోజుల తరువాత గొంతు మీద ఎర్రని పొక్కులు లేచాయి. ఎక్కువ బ్లేడ్లున్న రేజరులో మొదటి బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, వెనక వచ్చేది కోస్తుంది. కోసిన కొస తిరిగి చర్మం మట్టం కన్నా కిందికి జారిపోతుంది. నా వంటి ఉంగరాల వెంట్రుక ఉన్నవారికి ఆ కొస మళ్ళీ నిటారుగా బయటికి రాకుండా, వంగి పక్క చర్మంలోకే గుచ్చుకుని పెరుగుతుంది. సూదితో పొడిచి తీయాలన్న కోరికను అతికష్టం మీద అణచుకున్నాను. అలా తవ్వితే మచ్చలు మిగులుతాయి, చీము పట్టే ప్రమాదమూ ఉంది. ఐదు రోజులు మెడ మీద రేజరు పెట్టకుండా, ఉదయం, సాయంత్రం వెచ్చని తడి గుడ్డ అద్దుతూ ఓపిక పట్టాను. పొక్కులు అణిగాక ఒకే బ్లేడు పట్టే రేజరుకు మారి, దాన్ని చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో పట్టుకుని, ఒకే దఫా, వాలు వెంట మాత్రమే గీయడం అలవాటు చేసుకున్నాను. అరచేయి వేస్తే కొంచెం గరుకు తగులుతుంది. తగలనీ.

ఈలోగా చూసినవారందరూ, గీసిన కొద్దీ ఇంకా ఒత్తుగా, మందంగా మొలుస్తుందని ధైర్యం చెప్పారు. ఇది నిజం కాదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే దీన్ని పరీక్షించి, గీయడం వల్ల వెంట్రుక మందంలో గానీ పెరిగే వేగంలో గానీ మార్పు రాదని ప్రకటించారు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, బ్లేడు కోసిన కొస మొద్దుగా ఉంటుంది; చేతికి తగిలే ఆ గరుకునే మనం ఒత్తు అనుకుంటాం.

పద్నాలుగో రోజు ఉదయం మళ్ళీ గీసుకుని వెళ్ళాను, ఎందుకంటే ఒక్కరోజు గరుకు కూడా మాస్కు అంచును ఎత్తగలదు. ముందుగా మాస్కు లేకుండా తలకు పారదర్శకమైన ముసుగు తొడిగి, అందులోకి చేదు ద్రావణం తుంపర్లు వదిలి, నాకు ఆ చేదు తెలుస్తోందో లేదో చూశారు. బాగా తెలిసింది. ఆ తరువాత మాస్కు పెట్టుకుని, మామూలుగా ఊపిరి తీస్తూ, గట్టిగా తీస్తూ, తలను అటూ ఇటూ తిప్పుతూ, పైకీ కిందికీ ఆడిస్తూ, ఒక పేరా బిగ్గరగా చదువుతూ, నడుము వంచుతూ, చివరికి మళ్ళీ మామూలుగా, ఒక్కొక్కటి ఒక్కో నిమిషం చేశాను. నాలుక మీదికి చేదు రాలేదు. పరీక్ష చేసినాయన కాగితం మీద సంతకం పెడుతూ తల ఎత్తి, "మీరు అప్పుడొచ్చినవారేనా అండీ?" అని అడిగారు.

ఇప్పుడు పని ఉన్న ప్రతి రోజూ, ఇంట్లోంచి కదిలే ముందు, ఈ తతంగానికి పన్నెండు నిమిషాలు పడుతోంది. ఐదారు రోజులకొకసారి బ్లేడు మారుస్తాను, లాగినట్టు అనిపిస్తే అంతకన్నా ముందే. సెలవు రోజున మాత్రం రేజరు ముట్టుకోను. ఆ మరుసటి ఉదయం రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.