ఫెయిర్‌వేలు లెక్కపెట్టడం మానేశాను

నాలుగేళ్ల కింద ఎవరైనా నన్ను గోల్ఫ్‌లో దూరం ముఖ్యమా, గురి ముఖ్యమా అని అడిగితే క్షణం ఆలోచించకుండా గురి అనేవాణ్ణి. మనలాంటి అమెచ్యూర్లకు బంతి తిన్నగా పోతే చాలు, దూరం సంగతి కుర్రాళ్లు చూసుకుంటారు అని వాదించేవాణ్ణి కూడా. ఇప్పుడు ఆ మాట అనలేను. కొత్తగా ఆట మొదలుపెట్టిన వాళ్లకి అందరూ ఇదే సలహా ఇస్తుంటే బాధేస్తోంది, అందుకే రాస్తున్నాను.

రెండేళ్ల పాటు నా డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) బ్యాగులోంచి బయటికి రాలేదు. ఒక రౌండ్‌లో మూడు బంతులు హద్దు అవతలికి పోయాయి. ఆ టెన్షన్‌కి చేతులు బిగుసుకుపోయి చివరి ఆరు హోల్స్ ఎలా ఆడానో కూడా గుర్తులేదు. ఆ సాయంత్రమే నిర్ణయం తీసుకున్నాను, ఇక టీ మీద, అంటే హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోట, హైబ్రిడ్ అనే తక్కువ దూరం పోయే క్లబ్ తప్ప ఇంకోటి పట్టుకోనని. 180 గజాలు పోయేది, చాలావరకు తిన్నగానే. ఫెయిర్‌వేలో, అంటే టీ నుంచి గుంట ఉండే గ్రీన్ దాకా పొట్టిగా కత్తిరించిన గడ్డిలో, పడిన ప్రతిసారీ స్కోర్‌కార్డు మీద టిక్కు పెట్టుకునేవాణ్ణి. ఒక్క షాట్‌లోనే గ్రీన్ అందే పార్ 3లు పోగా మిగిలిన 14 హోల్స్‌లో పది టిక్కులు పడిన రోజులున్నాయి, అప్పుడు ఎంత సంతోషపడ్డానో. స్కోరు (మొత్తం షాట్లు, ఎంత తక్కువైతే అంత మంచిది) మాత్రం 95, 97, 94. డ్రైవర్ కొట్టిన రోజుల్లోనూ అంతే వచ్చేది.

అంత తిన్నగా కొడుతున్నా స్కోరు ఎందుకు కదలడం లేదో చాలాకాలం అర్థం కాలేదు. పట్టింగ్ (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించడం) బాగోలేదేమో అనుకుని దాని మీద నెలల తరబడి కూర్చున్నాను. చివరికి ఒక రోజు 390 గజాల పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) మీద నిలబడి లెక్క వేసుకుంటే విషయం తెలిసింది. హైబ్రిడ్‌తో 180 కొడితే ఇంకా 210 మిగులుతుంది. నేల మీదున్న బంతిని 210 గజాలు కొట్టే క్లబ్ నా దగ్గర ఒక్కటే, 3 వుడ్, అది పదిసార్లలో ఒకటో రెండో సార్లు కుదిరితే గొప్ప. అంటే రెండో షాట్ గ్రీన్‌కి ముందు ఎక్కడో ఆగుతుంది, మూడోది చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్), తర్వాత రెండు పట్‌లు. ఐదు. ఒక్క తప్పు కూడా చేయకుండా ఐదు! మధ్యలో ఒక చిప్ తేడా కొడితే ఆరు. ఇలా హోల్ తర్వాత హోల్ బోగీతోనే (పార్ కంటే ఒక షాట్ ఎక్కువ) మొదలుపెట్టి, దాన్నే జాగ్రత్తగా ఆడటం అనుకున్నాను.

గోల్ఫ్‌లో పాత మాట ఒకటుంది, డ్రైవ్ గొప్పకి, పట్ డబ్బుకి అని. దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ అన్నాడని చెప్తారు. కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ వేల రౌండ్ల షాట్లన్నీ ఒక్కొక్కటిగా లెక్కగట్టి చూస్తే తేలింది వేరు. బాగా ఆడేవాళ్లకీ మిగతావాళ్లకీ స్కోరులో ఉండే తేడాలో సుమారు మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి నుంచి కొట్టే షాట్లలోనే ఉంది. పట్టింగ్, చిప్పింగ్ కలిపితే మిగిలిన ఒక వంతు. ఇది ప్రొఫెషనల్స్ సంగతి మాత్రమే కాదు, మనకీ దాదాపు ఇదే లెక్క. ఆయన పద్ధతినే స్ట్రోక్స్ గెయిన్డ్ అంటారు, అమెరికా ప్రొఫెషనల్ టోర్నమెంట్లు నడిపే పీజీఏ టూర్ 2011లో పట్టింగ్‌తో దాన్ని వాడటం మొదలుపెట్టింది.

అసలు ఫెయిర్‌వే టిక్కు అనే కొలతే తప్పు కొలత అని నాకు ఒక చిన్న లెక్కతో తెలిసొచ్చింది. ఫెయిర్‌వే వెడల్పు 30 గజాలు అనుకుందాం, మధ్య గీత నుంచి అటు 15, ఇటు 15. ఇద్దరు ఆటగాళ్లు సరిగ్గా ఒకే తప్పు చేశారు, బంతి 4 డిగ్రీలు కుడికి పోయింది. ఒకరిది 200 గజాలు పోయింది, మధ్య గీతకి 14 గజాల పక్కన పడింది, ఫెయిర్‌వే. ఇంకొకరిది 250 గజాలు పోయింది, పదిహేడున్నర గజాల పక్కన పడింది, రఫ్, అంటే ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి. కార్డు మీద మొదటివాడికి టిక్కు, రెండోవాడికి లేదు. కానీ ఇద్దరి గురీ ఒకటే! పైగా రెండోవాడు గ్రీన్‌కి 50 గజాలు దగ్గర. రఫ్ మరీ దట్టంగా లేకపోతే ఆ ఇద్దరిలో ఎవరి బంతి దగ్గరికి మీరు నడవాలనుకుంటారు? నేనైతే రెండోదాని దగ్గరికే.

అమెరికా ఆటగాడు బ్రైసన్ డీషాంబో 2020లో వింగ్డ్ ఫుట్ కోర్సులో యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలలో దొరికినవి 23. అయినా ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. రఫ్ అంత కష్టంగా ఉన్న కోర్సులోనే దూరం పనిచేసింది. అయితే ఆయన చేతుల బలం మనకు లేదు, గడ్డిలోంచి వెడ్జ్ అనే దగ్గరి దూరాల క్లబ్‌తో బంతిని లాగి గ్రీన్ మీద వేయడం అందరి వల్లా కాదు, కాబట్టి ఆ కథను పూర్తిగా మనకు అన్వయించుకోకూడదు.

గురి వైపు మాట్లాడేవాళ్లు అమెరికా ఆటగాడు కాల్విన్ పీట్ పేరు చెప్తారు, చెప్పాలి కూడా, నాకు ఆయనంటే ఎంతో గౌరవం. చిన్నప్పుడు విరిగిన ఎడమ చెయ్యి సరిగ్గా చాచలేడు, ఇరవైల్లో గోల్ఫ్ నేర్చుకున్నాడు, 1981 నుంచి 1990 దాకా వరుసగా పదేళ్లు టూర్‌లో డ్రైవింగ్ గురిలో మొదటి స్థానం ఆయనదే, 12 టోర్నమెంట్లు గెలిచాడు. కానీ ఆయన దూరం తక్కువ అనేది తోటి ప్రొఫెషనల్స్ పక్కన పెట్టి చూసినప్పటి మాట. ఆయన బంతి ఆగిన చోటి నుంచి ఐరన్‌తో (గ్రీన్‌కి గురి చూసి కొట్టే మధ్య దూరపు క్లబ్) గ్రీన్ అందేది. నా 180 గజాల హైబ్రిడ్‌కి ఆయన పేరు అడ్డం పెట్టుకోవడం న్యాయం కాదు.

మరి ఇంత చెప్పి, కళ్లు మూసుకుని బాదేయమంటున్నానా? లేదు. రఫ్‌లో పడటం వేరు, బంతి పోవడం వేరు, ఈ రెండింటినీ గురి అనే ఒక్క మాటలో కలిపేయడం వల్లే ఈ వాదన ఎప్పటికీ తెగదు. హద్దు దాటితే ఒక పెనాల్టీ స్ట్రోకు, దాని పైన కొట్టిన చోటికే వెనక్కి. టీ మీద మళ్లీ నిలబడి కొట్టేది మూడో షాట్. పోయిన బంతిని వెతకడానికి కూడా 2019 నుంచి మూడు నిమిషాలే ఇస్తున్నారు, అంతకు ముందు ఐదు ఉండేవి. ఆ నష్టాన్ని ఇరవై గజాల లాభం ఒక్క హోల్‌లో పూడ్చలేదు. అందుకే ఇప్పుడు కార్డు మీద టిక్కులు మానేసి ఒక్కటే రాసుకుంటున్నాను, టీ షాట్ తర్వాత నా బంతిని గ్రీన్ వైపు మామూలుగా కొట్టగలిగానా లేదా అని. చెట్టు వెనక ఇరుక్కుపోతే, నీళ్లలో పడితే, హద్దు దాటితే లేదు. పలచని రఫ్ అయితే అవును.

ఇలా రాసుకోవడం మొదలుపెట్టాక డ్రైవర్ బయటికొచ్చింది. దాన్ని మెల్లగా, జాగ్రత్తగా తిప్పితే తిన్నగా పోతుందనుకునేవాణ్ణి, అదీ తప్పే. నెమ్మదిగా నడిపించాలని చూసినప్పుడల్లా నా క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) కుడివైపుకి తెరుచుకునే ఉండిపోయేది, స్లైస్ (బంతి కుడికి తిరిగే వంపు) ఇంకా పెద్దదయ్యేది. పాదాలకు వాడే పౌడర్ స్ప్రే డ్రైవర్ ఫేస్ మీద కొట్టి, బంతి ఎక్కడ తగిలిందో ప్రతి షాట్ తర్వాత చూడమని ఒక కోచ్ చెప్పారు. చూస్తే గుర్తులన్నీ మడమ వైపే, అంటే షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) దగ్గరి అంచున. అక్కడ తగిలితే బంతి కుడి చేతివాళ్లకి కుడివైపు వంపు తిరుగుతుంది, వేగమూ పోతుంది. క్లబ్ హెడ్ గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చి సరిగ్గా మధ్యలో తగిలితే బంతి 135 మైళ్ల దాకా అందుకుంటుంది, అంచున తగిలితే 125కి పడిపోవచ్చు, ఆ తేడా సుమారు ఇరవై గజాలు. బంతికి ఒక అడుగు కాదు, వేలెడంత దూరం జరిగి నిలబడ్డాను, గుర్తులు మధ్యకి రావడం మొదలైంది. దూరమూ పెరిగింది, వంపూ తగ్గింది, రెండూ ఒకే రోజు. మనలాంటివాళ్ల విషయంలో ఈ రెండింటినీ విడదీయడమే కష్టం, ఎందుకంటే రెండూ తప్పేది ఒకే చోట.

దూరం పెంచుకోలేని వయసు వాళ్ల మాటేంటి? మాతో ఆడే పెద్దాయన ఒకరున్నారు, అరవై ఎనిమిదేళ్లు, 170 గజాలు, ఎప్పుడూ తిన్నగానే. ఏళ్లుగా మాతో పాటు వెనక టీ నుంచే ఆడి 98, 99 దగ్గరే ఆగిపోయేవారు. ఒకరోజు ఏమీ చెప్పకుండా గ్రీన్‌కి దగ్గరగా ఉండే ముందు టీకి నడిచారు. నేను ఏదో అనబోతే, "వయసైపోయి ముందుకొచ్చాననుకుంటున్నావేమో బాబూ, సెకండ్ షాట్ ఐరన్‌తో కొట్టాలని వచ్చాను" అన్నారు. ఆ రోజు 89. అమెరికాలో గోల్ఫ్ సంఘాలు యూఎస్‌జీఏ, పీజీఏ ఆఫ్ అమెరికా కలిసి 2011లో మొదలుపెట్టిన 'టీ ఇట్ ఫార్వర్డ్' ప్రచారం చెప్పిందీ ఇదే, మన దూరానికి తగిన టీ ఎంచుకోమని. తిన్నగా కొట్టడం ఆయనకు ముందునుంచీ వచ్చు, మిగిలిన గజాలు ముందు టీ ఇచ్చింది.

నేను ఇప్పటికీ హైబ్రిడ్ తీసే హోల్ ఒకటుంది. 210 గజాల దగ్గర ఎడమవైపు నీళ్లు, కుడివైపు హద్దు, మధ్యలో జాగా నా డ్రైవర్ చెదిరేంత వెడల్పు కూడా లేదు. హోల్ మొత్తం 330 గజాలే, 180 కొట్టినా ఐరన్ దూరమే మిగులుతుంది. అక్కడ హైబ్రిడ్ తీసినప్పుడు భయంతో తీయడం లేదు, మొన్న ఆదివారం పెద్దాయన అది చూసి తల ఊపారు.